మెదడులో గడ్డకు తిండి కారణమా? అపోహలు - వాస్తవాలు

ఎమ్మారై రిపోర్టులో గడ్డ అని రాగానే ఇంట్లోవాళ్లు ముందు అడిగేది "ఏం తినడం వల్ల వచ్చింది?" అనే. ఒకరు అజినోమోటో అంటారు, ఒకరు కూల్‌డ్రింకులంటారు, ఇన్నాళ్లూ వండిపెట్టిన మనిషి లోలోపల కుమిలిపోతుంది. పెద్దవాళ్లలో మెదడు గడ్డలకు గట్టిగా రుజువైన కారణాల్లో ముందుండేవి రెండు: తలకు ఎక్కువ మోతాదులో రేడియేషన్ తగలడం, న్యూరోఫైబ్రొమాటోసిస్ లాంటి అరుదైన వంశపారంపర్య జబ్బులు. చాలామందిలో ఈ రెండూ కనపడవు. అంతమాత్రాన నేరం వంటింటి మీదికి పోదు.

అపోహ: బేకన్, సాసేజ్ లాంటి నిల్వ మాంసం తింటే గ్లయోమా (మెదడులో నరాల కణాలకు దన్నుగా ఉండే కణాల్లోంచి పుట్టే గడ్డ) వస్తుంది.

ఈ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. కడుపుతో ఉన్న ఎలుకలకు ఇథైల్‌నైట్రోసోయూరియా అనే రసాయనం ఒక్క డోసు ఇస్తే వాటి పిల్లలకు మెదడులో, నరాల్లో గడ్డలు వచ్చాయి. నిల్వ మాంసంలో కలిపే నైట్రైట్ నుంచి మన కడుపులోనూ ఆ జాతి రసాయనాలు తయారవుతాయి. మొదట్లో చేసిన అధ్యయనాలు కొన్ని సంబంధం ఉందన్నాయి. కానీ అవి చేసిన పద్ధతి చూడండి: జబ్బు బయటపడ్డాక, కొన్నేళ్ల కింద వారానికి ఎన్నిసార్లు తిన్నారో అడగడం. గడ్డ జ్ఞాపకాన్నే దెబ్బతీస్తుంది కాబట్టి చాలాచోట్ల జవాబిచ్చింది భార్యో కొడుకో. పైగా కారణం వెతుక్కుంటున్న ఇంట్లో తిన్న ప్రతి ముక్కా గుర్తొస్తుంది.

అందుకే తర్వాత మనుషులు ఆరోగ్యంగా ఉన్నప్పుడే తిండి వివరాలు రాసుకుని ఏళ్ల తరబడి గమనించారు. బ్రిటన్, అమెరికాల్లో అలా చేసిన మూడు పెద్ద అధ్యయనాలను కలిపి 2019లో లెక్కకట్టారు. మొత్తం 12 లక్షల పైచిలుకు మంది, వాళ్లలో 2,300 పైగా గ్లయోమా కేసులు. ప్రధానమైన ఆహారం దేనితోనూ చెప్పుకోదగ్గ సంబంధం తేలలేదు. నిల్వ మాంసం మంచిదని దీనర్థం కాదు. అది పెద్దపేగు క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2015లోనే తేల్చింది.

బరువు సంగతి వేరు. ఒంట్లో అధిక కొవ్వుకూ మెనింజియోమాకూ (మెదడును కప్పే పొరల్లో పుట్టే గడ్డ) సంబంధం ఉందని అదే సంస్థ 2016లో ఒప్పుకుంది. గ్లయోమాను ఆ జాబితాలో చేర్చలేదు.

అపోహ: షుగర్‌ఫ్రీ మాత్రలు మెదడు గడ్డ తెస్తాయి.

ఆ మాత్రల్లో కొన్నింటిలో ఉండే తీపి రసాయనం అస్పర్టేమ్ మీద ఈ మాట 1996 నుంచి తిరుగుతోంది. 2006లో 4.7 లక్షల మంది మీద వచ్చిన అమెరికా అధ్యయనంలో సంబంధం కనపడలేదు. 2023లో ఐఏఆర్‌సీ దాన్ని "బహుశా క్యాన్సర్ కారకం" అనే వర్గంలో పెట్టింది కాలేయ క్యాన్సర్ అనుమానంతో. రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాములన్న పరిమితి మారలేదు. 60 కిలోల మనిషికి 2,400 మిల్లీగ్రాములు, అంటే సుమారు 8 నుంచి 12 డైట్ డ్రింకు క్యాన్లు.

అపోహ: గోబీపువ్వులోని పురుగు మెదడుకెక్కి గడ్డ కడుతుంది.

మనవైపు బాగా పాతుకుపోయింది ఇదే. పువ్వులో కనపడే పచ్చపురుగు ఏదో చిమ్మట పిల్ల. ఉడికితే చస్తుంది, కడుపులో పడితే అరుగుతుంది. మెదడుకు చేరేది పంది బద్దెపురుగు గుడ్డులోంచి వచ్చే పిల్ల, ఆ గుడ్డు కంటికి కనపడదు. ఆ పురుగు పేగుల్లో ఉన్న మనిషి మలంలోంచి గుడ్డు నీళ్లకో, ఆకుకూరలకో, సరిగ్గా కడగని చేతులకో అంటుతుంది. అందుకే పంది మాంసం ముట్టని శాకాహారికీ వస్తుంది. ఉడకని పంది మాంసం తింటే వచ్చేది పేగుల్లో పురుగు. మెదడులో తిత్తికి గుడ్డే మింగాలి. ఉప్పునీళ్లలో నానబెడితే గుడ్డు చావదు. పచ్చిగా తినేవాటిని పారే నీళ్ల కింద ఒక్కో ఆకూ విప్పి కడగాలి, మిగతావి ఉడకనివ్వాలి.

ఈ తిత్తి ట్యూమర్ కాదు. ఫిట్స్‌తో వచ్చినవాళ్ల స్కాన్‌లో ఉంగరంలా కనపడే మచ్చ 20 మిల్లీమీటర్ల లోపుంటే, మధ్యలో పురుగు తల చుక్కలా తెలిస్తే ముందు దీన్నే అనుమానిస్తాం. క్షయ గడ్డ కాదని కూడా చూసుకోవాలి. ఒక్క హెచ్చరిక: దుకాణంలో అల్బెండజోల్ కొని సొంతంగా వేసుకోవద్దు. తిత్తులు ఎక్కువగా ఉంటే ఒక్కసారిగా చచ్చి మెదడు వాస్తుంది.

అపోహ: చక్కెర, అన్నం మానేస్తే గడ్డ ఎండిపోతుంది.

పిండిపదార్థం ఆపినా కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుంది. కీటో ఆహారం (పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచినది) మొండి ఫిట్స్‌కు పనిచేస్తుంది, గడ్డను కరిగిస్తుందని రుజువు లేదు. ఇక్కడ అసలు నష్టం ఇంకోటి. వాపు తగ్గించే డెక్సామెథాసోన్ తొడకండరాన్ని తినేస్తుంది. పైనుంచి పస్తులుంటే వారాల్లోనే కుర్చీలోంచి చెయ్యి ఊతం లేకుండా లేవలేరు. 60 కిలోల మనిషికి రోజుకు 60-90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డుకు వచ్చేది 6 గ్రాములే, కాబట్టి పప్పు, పెరుగు, చేప, చికెన్ అన్నీ కలవాలి. డెక్సామెథాసోన్ షుగర్‌నూ పెంచుతుంది, కాబట్టి షుగర్ చూడాల్సిన వేళ కూడా మారుతుంది: ఆ మాత్ర పొద్దున వేసుకుంటే పరగడుపు రీడింగు బాగానే ఉండి, మధ్యాహ్నం భోజనమయ్యాక చూస్తే 300 దాటొచ్చు.

అపోహ: పసుపు క్యాప్సూల్ ఎంత వేసుకున్నా హాని లేదు.

కూరలో పసుపుకు అడ్డు లేదు. క్యాప్సూల్లో మాత్రం కర్క్యుమిన్ ఒంటికి పట్టడానికి తరచు మిరియాల సారం, అంటే పైపెరిన్ కలుపుతారు. అది రక్తంలో ఫిట్స్ మందు ఫెనిటాయిన్ స్థాయినీ పెంచగలదు. ఫిట్స్ మందు మీదున్న మనిషి ఉన్నట్టుండి తూలుతూ, ఒకటి రెండుగా కనపడుతోందంటే గడ్డ పెరిగిందని బెంబేలెత్తే ముందు ఆ డబ్బా వెనక చీటీ చదవండి. దాన్ని డాక్టరుకు చూపించి రక్తంలో ఫెనిటాయిన్ లెవెల్ చేయించండి. ఫిట్స్ మాత్ర మాత్రం మీరే ఆపకండి.