పేరు చెప్పి ఊరు చెప్పని రిపోర్టు

2018లో గుంటూరు ఆనందపేట, 2024లో విజయవాడ మొగల్రాజపురం, 2025లో న్యూ రాజరాజేశ్వరిపేట. వాంతులు, విరేచనాలు మొదలైతే చాలు, నీళ్లా తిండా అన్న తగాదా వెంటే మొదలవుతుంది. ఇప్పుడది ల్యాబ్ రిపోర్టులో కనిపించే ‘ఈ.కోలై’ అనే బ్యాక్టీరియా పేరు దగ్గరికొచ్చి ఆగింది. అందరి పేగుల్లోనూ ఉండేదేగా, దానివల్లే జబ్బని ఎలా అంటారనేది అధికారుల వైపు మాట. నిజమే, సగం వరకు.

1885లో ఎషెరిక్ అనే పిల్లల డాక్టరు పసిపిల్లల మలంలో ఈ సూక్ష్మజీవిని చూసిన సంగతి అందరికీ తెలిసిందే. తెలియాల్సింది 1956 నాటి కలకత్తా కథ. కుందేలు పేగును అక్కడక్కడా దారంతో బిగించి, ఒక్కో ముక్కలోకి ఒక్కో రోగి నుంచి తీసిన ఈ.కోలైని ఎక్కించారు శాస్త్రవేత్త శంభునాథ్ డే. కొన్ని ముక్కలు నీటితో ఉబ్బిపోయాయి, కొన్ని అలాగే ఉండిపోయాయి. పేరొకటే, పని వేరు. తర్వాత డే కలరా విషం వైపు వెళ్లి 1959లో దాన్ని పట్టుకున్నారు. దాంతో ఆ కుందేలు పేగు కథ మరుగున పడింది. నన్నడిగితే ఇవాళ్టి తగాదాకి తాళంచెవి అక్కడే ఉంది.

ఉబ్బించిన రకానికి రెండు ఆయుధాలున్నాయని తర్వాత తేలింది. చిన్నపేగు గోడని పట్టుకునే, ఒంటిమీది సన్నటి నూగు ఒకటి, ఉప్పునీ నీటినీ బయటికి తోడించే విషం మరొకటి. ఆ విషం రెండు రకాలు, వాటిలో ఒకటి కలరా విషానికి స్వయానా చుట్టం. ఇంకో రకం మరీ గడుసుది. తాను కూర్చోవడానికి కావలసిన పీటని తానే పేగు కణంలోకి దింపి, దానిమీద తిష్ట వేస్తుంది. రెండేళ్లలోపు పిల్లల్ని పీడించేది ఎక్కువగా ఇదే.

మూత్రం మంటకీ ఇదే కుటుంబం కారణం. పేగులో బుద్ధిగా ఉన్నదే మూత్రద్వారం దాకా పాకుతుంది. ఆడపిల్లలకి దారి పొట్టి కాబట్టి తొందరగా చేరుతుంది. నూగు కొసన ఉన్న జిగురు మూత్రాశయం గోడమీది మానోజ్ చక్కెరకి అంటుకుంటుంది. కిడ్నీ దాకా ఎక్కాలంటే ‘పీ’ రకం నూగు కావాలి. 1981లో స్వీడన్ పరిశోధకులు చూస్తే, కిడ్నీకి పాకి జ్వరం తెచ్చిన పిల్లల్లో దాదాపు పదింట తొమ్మిది కేసుల్లో అది కనిపించింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలంలో చాలా తక్కువ.

ఇప్పుడు మన ల్యాబ్ రిపోర్టు చూడండి. సూక్ష్మజీవుల్ని పెంచే మెకాంకీ పళ్లెంలో గులాబీ రంగు చుక్కలు, కింద ‘ఈ.కోలై’, దాని కింద మందుల పట్టీ. ఏ మందుకి లొంగుతుందో ఉంటుంది, ఏ ఆయుధంతో వచ్చిందో ఉండదు. ఆ చుక్కలన్నీ ఒకేలా ఉంటాయి. తేడా తెలియాలంటే పీసీఆర్ పరీక్షతో ఆ ఆయుధాల జన్యువులు వెతకాలి. వైద్యానికి చాలాసార్లు అది అక్కర్లేదు, విరేచనాలైతే ఓఆర్‌ఎస్, జింకు ముందు. కానీ తగాదా తేలాలంటే కావాలి.

నీటి రిపోర్టు సంగతి వేరు. అక్కడ ఆయుధాల ప్రసక్తే లేదు. తాగేనీటిలో 100 మిల్లీలీటర్లకి ఒక్క ఈ.కోలై కూడా కనిపించకూడదన్నది మన ప్రమాణం. ఎందుకంటే అది ఉందంటే మలం కలిసిందనే అర్థం. ‘అందరి పేగుల్లోనూ ఉండేదే’ అన్న మాట ఇక్కడ పనికిరాదు. పేగులో ఉండేది కుళాయిలోకి ఎలా వచ్చిందన్నదే ప్రశ్న. పేటవాళ్లు మొదటినుంచీ చెబుతున్నదీ అదే: సైడు కాలువలోంచే పైపు వెళ్తోంది, నీళ్లు ఆపిన వేళ అతుకుల దగ్గర మురుగుని లోపలికి లాక్కుంటోంది, మోటార్లు బిగించినచోట ఇంకా ఎక్కువ.

మా పక్క వాటాలో ఆవిడ, మనవడికి విరేచనాలు పట్టుకున్న రోజు కుళాయినీళ్లు ఒక కూల్‌డ్రింక్ సీసాలో పట్టి ఫ్రిజ్‌లో దాచింది. మూడోనాడు ల్యాబ్‌కి తీసుకెళ్తే, శుభ్రం చేసిన సీసా కాదు, పైగా 24 గంటలు దాటిందని వెనక్కి పంపారు. వాళ్ల తప్పేం లేదు, పద్ధతి అదే. అధికారులు నమూనా పట్టిన రోజుకి మాత్రం ఆ కుళాయి నీళ్లు క్లోరిన్ వాసన గుప్పుమంటున్నాయి.