గావురం చేసి చెడగొట్టిందా?

"మీ బాబు ఒక్క తాన కూసోడమ్మా" అంటుంది టీచర్. ఇంటికొస్తే అత్త అందుకుంటుంది: "నువ్వే గావురం జేసి ఆగం జేసినవ్." హనుమకొండలో చాలా ఇళ్లల్లో ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవని, కుదురు లేని పిల్లల సమస్య) అన్న పేరు వినకముందే తీర్పు వచ్చేస్తుంది. అత్తలనే అనడం ఎందుకు, డాక్టర్లు కూడా చాలాకాలం ఇదే పాట పాడారు.

మొదట్లో అలా లేదు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టర్ 43 మంది పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. తెలివికి లోటు లేదు, తమను తాము అదుపు చేసుకోలేరు. పెంపకం బాగున్న ఇళ్లల్లోనూ ఇలాంటి పిల్లలు ఉన్నారని ఆయనే చెప్పాడు. ఆ తర్వాత మనసు లోతుల్లో కారణాలు వెతికే మనోవిశ్లేషణ జోరు పెరిగి, పిల్లాడికి ఏమొచ్చినా వేలు తల్లివైపు తిరిగింది.

దానికి అడ్డం తిరిగింది న్యూయార్క్‌లో ఓ డాక్టర్ల జంట, అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్. 1956 నుంచి చంటిపిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. నూటికి 40 మంది పాలకూ నిద్రకూ పేచీ పెట్టని రకం. 10 మంది మాత్రం పుట్టుకతోనే ఓ పట్టాన ఊరుకోరు. గొడవ పిల్లాడిలోనో తల్లిలోనో లేదు, ఇద్దరి తీరూ పొసగకపోవడంలో ఉందన్నారు.

నాకు అంతకన్నా నచ్చేది 1970ల చివర అమెరికా మనస్తత్వవేత్త రసెల్ బార్క్‌లీ చేసిన పని. తల్లీపిల్లలను ఒక గదిలో ఉంచి చూశాడు. పిల్లాడికి మందు పడిన రోజు వాడు మాట విన్నాడు, "అది ముట్టకు, ఇటు రా" అన్న తల్లి అరుపులూ తగ్గాయి. మందు వేసుకున్నది ఆమె కాదు గదా! అప్పటిదాకా కారణం అనుకున్న తల్లి విసుగు చాలావరకు ఫలితమే.

1980లో జబ్బు పేరులోకి 'శ్రద్ధ లోపం' చేరింది, 1987లో ఇప్పటి పేరు స్థిరపడింది. కవలల అధ్యయనాలు జన్యువుల వాటా సుమారు నాలుగింట మూడు వంతులని తేల్చాయి. అలాగని పెంపకానికి పనే లేదనలేం. రుమేనియా అనాథాశ్రమాల్లో పలకరించే దిక్కు లేక పెరిగిన పిల్లల్లో ఈ లక్షణాలు ఎక్కువ కనిపించాయి. కానీ అది వేరే లెక్క. భర్త గల్ఫ్‌లో ఉంటే, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ పిల్లాణ్ని కసిరే కోరుట్ల తల్లిని ఆ లెక్కలో వేయకూడదు.

మన దగ్గర 2013లో మొదలైన, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చూడాల్సిన 30 సమస్యల్లో ఏడీహెచ్‌డీ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో మాత్రం లేదు.

"నెలల పిల్లాడప్పుడు బాగా ఏడ్చేవాడా, నిద్ర ఎట్లుండేది?" అని డాక్టర్ అడుగుతారు. అడిగేది పిల్లాడి స్వభావం గురించే. తల్లి మాత్రం కొంగు సర్దుకుని, "నేను మంచిగనే చూసుకున్న సార్" అంటుంది.