ఆఫీసు డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు, కొత్త ఎస్‌ఎంపీఎస్: అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్ సీటీసీలోనో ఆన్‌లైన్‌లోనో దొరికే పాత డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ పెట్టెలు గట్టి సరుకు. కొన్నేళ్లు ఆఫీసులో నలిగి వచ్చినా ఇంకా పనిచేస్తాయి. ఒక గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తే ఓ మోస్తరు గేములకూ, వీడియో ఎడిటింగుకూ సరిపోతాయి. చిక్కల్లా, చాలామంది ముందు కార్డు కొని ఆ తర్వాత మూత తెరుస్తారు. మూతే ముందు తెరవాలి. ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటరు భాగాలకు తగ్గట్టు మార్చి పంచే డబ్బా) నుంచి ఏయే వైర్లు వస్తున్నాయి, మదర్‌బోర్డుకు ఎన్ని పిన్నుల ప్లగ్గు ఉంది, స్లాట్ ముందు ఎంత చోటుంది అన్నవి చూశాకే ఏ కార్డు కొనాలో తేలుతుంది.

అపోహ: కంపెనీ ఇచ్చిన 240, 290 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌తో ఏ కార్డూ నడవదు.

నడుస్తుంది. లెక్క వేసుకుంటే భయం పోతుంది. ఐ5-4590 ప్రాసెసరుకు 84 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఓ 40 అనుకోండి. గ్రాఫిక్స్ స్లాట్ నుంచి కార్డుకు అందే కరెంటు ఎక్కువలో ఎక్కువ 75 వాట్లు. మొత్తం 200. డెల్, హెచ్‌పీ పెట్టెల్లో వచ్చే 290 వాట్ల ఎస్‌ఎంపీఎస్ దీన్ని తేలిగ్గానే మోస్తుంది, ఎందుకంటే దానిమీద రాసిన అంకె నిజం. బజారు సరుకు సంగతి వేరు, దానికి తర్వాత వద్దాం.

కాబట్టి అదనపు పవర్ ప్లగ్గు అడగని కార్డులు ఎంచుకుంటే ఎస్‌ఎంపీఎస్ మార్చే పనే ఉండదు. జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1650 రెండూ 75 వాట్ల కార్డులు. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం 70 వాట్లు, ఆర్ఎక్స్ 6400 53 వాట్లు. రెండు జాగ్రత్తలు. జీటీఎక్స్ 1650లోనే కొన్ని కంపెనీలు 6 పిన్నుల ప్లగ్గు పెట్టి అమ్ముతాయి, ఫొటోలో కార్డు అంచు చూసి కొనండి. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతోనే 8 జీబీ రకం ఉంది, అది 130 వాట్లు. డబ్బా మీద పేరు ఒకటే, లోపల కార్డులు వేరు.

ఆర్ఎక్స్ 6400 గురించి ఇంకో మాట. దానికి ఉన్నవి నాలుగు లేన్లే (కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే దారులు). మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ గ్రాఫిక్స్ స్లాట్‌లో కొంత వేగం తగ్గుతుంది, రెండో తరం ఐ5 ఉన్న పాత పెట్టెలో ఇంకా తగ్గుతుంది. పైగా అందులో వీడియో ఎన్‌కోడరు (వీడియోను కుదించి ఫైలుగా మార్చే భాగం) లేదు. ఎడిటింగు కోసమైతే దాని జోలికి పోవద్దు. ఇంటెల్ ఆర్క్ కార్డులూ ఈ పాత పెట్టెలకు కావు, రీసైజబుల్ బార్ (ప్రాసెసరు కార్డు మెమరీనంతా ఒకేసారి అందుకునే సదుపాయం) లేని బోర్డులో అవి చతికిలపడతాయి.

అపోహ: ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని ఉంటే 450 వాట్లు వస్తాయి.

లేబుల్ మీద పెద్ద అంకె వదిలేసి కింద గడుల్లోకి చూడండి. 12 వోల్టులు అన్న గడి కింద ఎన్ని ఆంపియర్లున్నాయి? ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ తినేది ఆ గడిలోంచే. చవక సరుకులో అక్కడ 16 ఆంపియర్లు కనిపిస్తుంది. 12ను 16తో గుణిస్తే 192 వాట్లు. మిగతా వాట్లన్నీ 5 వోల్టులు, 3.3 వోల్టుల గడుల్లో చూపించి అంకె పెంచారన్నమాట. ఇప్పటి కంప్యూటరుకు అవి పెద్దగా అక్కరకు రావు. మంచి 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో ఇదే గడిలో 36 ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే 430 వాట్లు. 12 వోల్టుల గడులు రెండుంటే రెండింటినీ కూడొద్దు. వాటి కిందే కలిపి ఇంత అని వాట్లలో వేరేగా రాసి ఉంటుంది, లెక్కలోకి అదే తీసుకోవాలి.

వెనక 115, 230 అని ఎర్ర స్విచ్చు ఉన్న రకమైతే దాన్ని ముట్టుకోకండి. మన ఇళ్లలో 230. పొరపాటున 115 వైపు జరిపి ప్లగ్గు పెడితే టప్పుమన్న శబ్దంతో కథ ముగుస్తుంది.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ ముద్రలు చెప్పేది ఎంత కరెంటు వేడిగా వృథా అవుతోందన్నది మాత్రమే. షార్ట్ అయినప్పుడు, లోడు మించినప్పుడు తనంతట తాను ఆగిపోయే రక్షణలున్నాయా అన్నది ఆ ముద్ర చెప్పదు. స్పెసిఫికేషన్లలో ఓసీపీ (కరెంటు మించితే), ఓపీపీ (లోడు మించితే), ఎస్‌సీపీ (షార్ట్ అయితే) అని విడిగా రాశారా చూడాలి.

అపోహ: ఏ ఎస్‌ఎంపీఎస్ అయినా ఏ పెట్టెలోనైనా పడుతుంది.

అసెంబుల్ చేసిన కంప్యూటర్లలో నిజమే. కంపెనీ పెట్టెల్లో ఎక్కువమంది చేతులు కాలేది ఇక్కడే.

మామూలు ఏటీఎక్స్ (అసెంబుల్ కంప్యూటర్లలో వాడే ప్రామాణిక రకం) ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు 24 పిన్నుల ప్లగ్గు వస్తుంది. 2012లో వచ్చిన ఆప్టిప్లెక్స్ 7010 మినీ టవర్‌లోనూ ఇదే, అందుకే దాన్ని అప్‌గ్రేడ్ చేయడం అంత సులువు. ఆ తర్వాత వచ్చిన 3020, 7020, 9020లలో బోర్డు ప్లగ్గు 8 పిన్నులకు కుదించారు. ఎలీట్‌డెస్క్ 800 జీ1లో ప్రధాన ప్లగ్గు 6 పిన్నులు. థింక్‌సెంటర్ ఎం93పీలో 14. ఇంకో తిరకాసు ఏమిటంటే, డెల్ 2023లో 7010 అన్న అంకెనే కొత్త మోడల్‌కు మళ్లీ పెట్టింది. వీడియోలు వెతికేటప్పుడు మీ పెట్టె ఏ ఏడాదిదో, ఏ తరం ప్రాసెసరుదో సరిచూసుకోండి.

పిన్నులు తగ్గించడానికి కారణం ఉంది. ఈ పెట్టెల్లో ఎస్‌ఎంపీఎస్ దాదాపుగా 12 వోల్టులే పంపుతుంది. 5, 3.3 వోల్టులను బోర్డే తయారుచేసుకుంటుంది. అందుకే హార్డ్‌డిస్కుకు పవర్ వైరు కూడా బోర్డు మీంచే వెళ్తుంది, ఎస్‌ఎంపీఎస్ నుంచి వెళ్లదు. మూత తీయగానే ఇది కనిపిస్తే మీది కంపెనీ సొంత డిజైన్ అని అర్థం.

వీటికి 24 పిన్నుల నుంచి 8కో, 6కో మార్చే ఎడాప్టరు వైర్లు దొరుకుతాయి, బాగానే పనిచేస్తాయి. అయితే ప్లగ్గు ఆకారం చూసి కొనొద్దు. ఒకే ఆకారంలో ఉన్నా ఏ పిన్నులో ఏ వోల్టేజి అన్నది కంపెనీని బట్టి మారుతుంది. మీ మోడల్ పేరు రాసి ఉన్న ఎడాప్టరే కొనాలి. కంప్యూటరు ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా బోర్డుకు కొంచెం కరెంటు అందుతూ ఉండాలి. మామూలు ఎస్‌ఎంపీఎస్ దాన్ని 5 వోల్టులతో ఇస్తుంది, కొన్ని మోడళ్లు మాత్రం 12 అడుగుతాయి. అలాంటివాటికి అమ్మే ఎడాప్టరు వైరు మధ్యలో ట్యూబు కప్పిన చిన్న సర్క్యూట్ ఉంటుంది, అదే ఆ 5ను 12 చేస్తుంది. మీ మోడల్‌కు అది అవసరమై, మీరు కొన్న వైరులో లేకపోతే పవర్ బటన్ నొక్కినా చలనం ఉండదు. ఎలీట్‌డెస్క్ బోర్డు మీది 6 పిన్నుల సాకెట్టు చూడ్డానికి గ్రాఫిక్స్ కార్డు 6 పిన్నుల సాకెట్టులాగే ఉంటుంది, కార్డు వైరును అందులో గుచ్చొద్దు.

కొలతలు కూడా చూడాలి. మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ వెడల్పు 150, ఎత్తు 86, పొడవు 140 మిల్లీమీటర్లు. మినీ టవర్‌లో పడుతుంది. ఎస్‌ఎఫ్‌ఎఫ్ అనే సన్న పెట్టెలో పట్టదు, దానికి కంపెనీ ఎస్‌ఎంపీఎస్ తప్ప గతి లేదు.

అపోహ: కార్డుకు 6 పిన్నుల వైరు లేకపోతే సాటా వైరు (హార్డ్‌డిస్కుకు పవర్ ఇచ్చేది) నుంచి తీసుకోవచ్చు.

వద్దు. ఆ ఎడాప్టరు బజార్లో కారుచవగ్గా దొరుకుతుంది, అయినా వద్దు. సాటా ప్లగ్గులో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియర్లకే తయారైంది. మూడూ కలిపి 54 వాట్లు. 6 పిన్నుల ప్లగ్గు నుంచి కార్డు 75 దాకా లాగగలదు. కాసేపు గేము ఆడేసరికి నల్ల ప్లాస్టిక్ మెత్తబడి, పిన్నులు పక్కకు ఒరిగి, కాలిన వాసన వస్తుంది. కార్డు ప్లగ్గు అడుగుతోందంటే, ఆ ప్లగ్గు సొంతంగా ఉన్న ఎస్‌ఎంపీఎస్ కావాల్సిందే. ఆర్‌టీఎక్స్ 4060 లాంటి 115 వాట్ల కార్డుకు 8 పిన్నుల ప్లగ్గు ఒకటి చాలు, దానికి మంచి 450 వాట్లు ధారాళం.

8 పిన్నులంటే గుర్తొచ్చింది. ప్రాసెసరు వైరుకూ 8 పిన్నులే, అది నాలుగు నాలుగుగా విడిపోతుంది. కార్డుది ఆరు, రెండుగా విడిపోతుంది. రెండింట్లో 12 వోల్టులూ గ్రౌండూ ఎదురెదురు వైపుల ఉంటాయి. ఒకదాన్ని ఇంకోదాంట్లో బలవంతంగా దూరిస్తే నేరుగా షార్టే. వేలితో నొక్కితే దిగాలి. అరచెయ్యి పెట్టాల్సి వస్తే ఆగి చూసుకోండి.

అపోహ: మాడ్యులర్ (వైర్లు విడిగా ఊడదీయగల) ఎస్‌ఎంపీఎస్ వైర్లు ఏ కంపెనీవైనా ఒకటే.

పరికరం వైపు కొన ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు కొన ఎవరిది వారిదే. పాత వైర్లు అలాగే ఉంచి ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే మారిస్తే 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళ్లవచ్చు. మొదట పోయేది ఎస్‌ఎస్‌డీ, దాంతోపాటు ఫొటోలు.

అపోహ: 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెడితే కరెంటు బిల్లు పెరుగుతుంది.

కంప్యూటరు ఎంత అడిగితే అంతే ఇస్తుంది. గోడ సాకెట్టు నుంచి 200 వాట్లు లాగే కంప్యూటరు ఐదు గంటలకు ఒక యూనిట్ కాలుస్తుంది, లోపలున్నది 450 అయినా 650 అయినా.

అపోహ: మెమరీ ఎక్కువుంటే కార్డు వేగం ఎక్కువ.

4 జీబీ జీటీ 730 అమ్ముడుపోయేది ఈ నమ్మకం మీదే. చిప్పే బలహీనమైతే 4 జీబీ ఏం చేసుకుంటుంది? ఒకే పేరు మీద రెండు రకాలుండటం ఇంకో బెడద. జీటీ 1030లో జీడీడీఆర్5 రకం మెమరీ వేగం సెకనుకు 48 జీబీ, డీడీఆర్4 రకానిది 16.8 మాత్రమే. ఆర్ఎక్స్ 580 పేరుతో వచ్చే కొన్ని కార్డుల్లో 2304 కోర్లకు బదులు 2048 ఉంటాయి. సెకండ్ హ్యాండు కొంటే డబ్బులిచ్చే ముందే కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాము నడిపించి చూడండి. పాత చిప్పు మీద కొత్త పేరు రాసిన ఎన్విడియా కార్డయితే పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. అన్నీ పట్టుకోలేదు గానీ, చాలావాటిని పట్టేస్తుంది.

అపోహ: పొడుగు స్లాట్‌లో దిగిందంటే చాలు.

7010, 9020 మినీ టవర్లలో పొడుగు స్లాట్లు రెండు. నీలిది పూర్తి 16 లేన్లు. నల్లది చూపుకే పొడుగు, లోపల నాలుగు లేన్లే. కార్డు నీలి స్లాట్‌లో పడాలి. సన్న పెట్టెలైతే వెనక పట్టీ కూడా పొట్టిది కావాలి, మామూలుది 120 మిల్లీమీటర్లు, పొట్టిది 79. లో ప్రొఫైల్ అన్న కార్డు పెట్టెలో ఆ పొట్టి పట్టీ వేరేగా ఇచ్చారా లేదా అడిగి తీసుకోండి, అది విడిగా దొరకడం కష్టం. రెండు స్లాట్ల మందం కార్డయితే పక్కన ఖాళీ ఉందో లేదో స్కేలుతో కొలవండి. హార్డ్‌డిస్కు ట్రే అడ్డమొచ్చే పెట్టెలూ ఉన్నాయి.

అపోహ: కార్డు పెట్టాక డిస్‌ప్లే రాకపోతే కార్డు పాడే.

ముందు మానిటర్ వైరు చూడండి. పదింట ఏడెనిమిది సార్లు అది పాత అలవాటులో బోర్డుకే గుచ్చి ఉంటుంది. కార్డు పోర్టుకు మార్చాలి. ఆఫీసు మానిటర్లకు నీలం వీజీఏ వైరే ఉంటుంది, జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి కార్డుల్లో వీజీఏ సిగ్నలే లేదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే, లోపల చిప్పు ఉన్న ఎడాప్టరు కావాలి. డీవీఐ మీద పెట్టే పిన్నుల ముక్క పనిచేయదు.

అయినా రాకపోతే బయాస్ (కంప్యూటరును మొదలుపెట్టే, బోర్డులోని ప్రోగ్రాము) అప్‌డేట్ చేయండి. కార్డు తీసేసి, బోర్డు డిస్‌ప్లేతోనే చేయాలి. యూఈఎఫ్‌ఐ (బయాస్‌కు కొత్త రూపం) లేని పాత బోర్డుల్లో కొత్త కార్డు మొండికేయడం ఉన్నదే. విండోస్ మళ్లీ వేయాల్సిన పని మాత్రం లేదు. ఎన్విడియా నుంచి ఏఎండీకో, అటునుంచి ఇటో మారుతుంటే సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే ప్రోగ్రాముతో పాత డ్రైవరు తుడిస్తే సరిపోతుంది.

తప్పు ఎక్కడుందో తేలాలంటే రెండు భాగాలూ ఒకేసారి మార్చకండి. ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు దించేయండి. కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టి, కార్డు లేకుండా ఒక పూట నడపండి. అంతా బాగుంటే మళ్లీ ప్లగ్గు పీకి కార్డు పెట్టండి, స్లాట్ చివర కొక్కెం టక్కుమనే దాకా. స్క్రూ మరవొద్దు, బరువుకు కార్డు వాలితే డిస్‌ప్లే వస్తూ పోతూ ఉంటుంది.

అపోహ: క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, కొత్త ఎస్‌ఎంపీఎస్ పాడుది.

బాగున్న ఎస్‌ఎంపీఎస్ కూడా ఎర్తింగ్ లేని ఇంట్లో ఇలాగే జిల్లుమంటుంది. లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఎర్త్ వైరులోకి పంపేలా కట్టి ఉంటాయి. ఆ వైరుకు దారి లేకపోతే ఇనుప పెట్టె మీద 115 వోల్టుల దరిదాపుల్లో నిలుస్తుంది. ఆ స్థితిలో కంప్యూటరు, టీవీ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ వైరు గుచ్చితే కొత్త కార్డు పోర్టు పోవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్టులో పెట్టే ముక్క తీసేసి, ఎలక్ట్రీషియన్ చేత సాకెట్టు ఎర్త్ చూపించండి.

అపోహ: పాత యూపీఎస్ ఎలాగూ ఉంది, చాలు.

600 వీఏ అని రాసి ఉన్నది సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. గేము నడుస్తుండగా కంప్యూటరూ మానిటరూ కలిపి 280 లాగుతుంటే, కరెంటు పోయాక సేవ్ చేసి ఆఫ్ చేసుకునేంత వ్యవధే. బ్యాటరీ రెండేళ్ల పాతదైతే అదీ దక్కదు, కరెంటు పోయిన క్షణమే కంప్యూటరు రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు కొత్త ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించే ముందు యూపీఎస్ బ్యాటరీ మార్చి చూడండి.