తెర మీది అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

ఎలక్ట్రానిక్స్ అభిరుచి ఉన్నవాళ్లు ఈమధ్య కొంటున్న వస్తువుల్లో మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్‌ల పక్కన కొత్త సరుకు చేరింది. నీళ్లలో ముంచితే కరిగిన పదార్థాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరు, వేలు ఆనిస్తే నాడి చెప్పే చిన్న బోర్డు, గదిలో గాలిని పసిగట్టే సెన్సరు. వీటి వెంటే తిండి మీద, ఆరోగ్యం మీద అభిప్రాయాలూ వస్తున్నాయి. ఈ నీళ్లు మంచివి, ఆ పొగ విషం, మైక్రోవేవ్‌లో వేడిచేస్తే తిండి పాడవుతుంది అంటూ. మాట పక్కన ఒక అంకె కనబడగానే దానికి శాస్త్రం ముద్ర పడిపోతుంది. చిన్న కెపాసిటర్ కొనాలన్నా దాని వివరాల పత్రం (డేటాషీట్) తిరగేసే మనిషి, తాను తాగే నీళ్ల విషయంలో మాత్రం ఆ అంకెను ఏమీ అడగకుండా నమ్మేస్తాడు. నన్ను బాధపెట్టేది అదే.

టీడీఎస్ మీటరునే తీసుకుందాం. దాని కింద కనిపించేవి రెండు లోహపు పిన్నులు. వాటి మధ్య మీటరు స్వల్ప విద్యుత్తును అటూ ఇటూ దిశ మారుస్తూ పంపుతుంది. ఒకే దిశలో పంపితే పిన్నుల దగ్గర అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, పేరుకుని కొలత చెడిపోతుంది. అలా పంపి అది తెలుసుకునేది ఒక్కటే, నీళ్ల విద్యుత్ వాహకత. దాన్ని 0.5 నుంచి 0.7 మధ్య ఉండే ఒక గుణకంతో హెచ్చించి, పీపీఎం (పది లక్షల్లో ఎన్ని పాళ్లు, నీళ్లలో అయితే దాదాపు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు) అని తెర మీద చూపిస్తుంది. అంటే నీళ్లలో కరిగినదాన్ని ఎవరూ తూచలేదు. వాహకతను బట్టి కట్టిన అంచనా మాత్రమే అది.

దీన్ని ఎవరైనా సులువుగా పరీక్షించవచ్చు. డిస్టిల్డ్ వాటర్‌లో చెంచాడు చక్కెర కలిపి మీటరు ముంచండి. అంకె దాదాపు కదలదు. చక్కెర అణువులు అయాన్లుగా విడిపోవు కాబట్టి ఆ చెంచాడు చక్కెర మీటరుకు లేనట్టే. అదే లీటరు నీళ్లలో ఒక గ్రాము ఉప్పు కలిపితే అంకె వెయ్యి దాకా ఎగబాకుతుంది. బాక్టీరియా, చాలా రకాల పురుగుమందులు కూడా ఈ మీటరుకు చక్కెర లాంటివే, వాటిని పట్టలేదు. ఇక ఆర్సెనిక్ సంగతి. తాగునీటిలో అది లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి. దానికి పది రెట్లు ఉన్నా 0.1 పీపీఎం మాత్రమే. మీటరు చూపగలిగే అతి చిన్న మెట్టు సాధారణంగా 1 పీపీఎం, కనుక ఆ విషం దానికి కనబడదు. మరోవైపు, అంకెను పైకి లాగే కాల్షియం, మెగ్నీషియం మామూలు మోతాదులో మనకు హాని చేసేవి కావు.

అలాగని ఈ మీటరు దండగ కాదు. ఫిల్టరు ముందు నీళ్లు, తర్వాత నీళ్లు కొలిచి పోల్చుకుంటూ ఉంటే లవణాలను వడకట్టే ఆర్ఓ (రివర్స్ ఆస్మాసిస్) పొర ఎప్పుడు మందగించిందో చక్కగా తెలుస్తుంది. దాని పని అది. నీళ్లలో ఇనుప కడ్డీలు పెట్టి కరెంటు పంపి, రంగు గోధుమగా మారగానే ‘చూశారా మురికి’ అని భయపెట్టే ప్రదర్శన మాత్రం మోసం. ఆ రంగు కడ్డీల నుంచి కరిగి వచ్చిన ఇనుముది. ఫిల్టరు చేసిన, లవణాలు తక్కువున్న నీళ్లలో కరెంటు సరిగా పారదు కాబట్టి అవి తేటగా మిగిలిపోతాయి.

తిండికీ ఈ అభిరుచికీ నిజంగా ముడిపడే చోటు మరొకటి ఉంది. సోల్డర్, అంటే భాగాలను బోర్డుకు అతికించడానికి కరిగించే లోహపు తీగ. తగరం 63, సీసం 37 పాళ్ల తీగ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఐరన్ మొన వేడి సుమారు 350 డిగ్రీలు. సీసం మరిగేది 1749 డిగ్రీల దగ్గర. కనుక పైకి లేచే తెల్లటి పొగలో సీసం ఉండదనే చెప్పవచ్చు. ఆ పొగ లోహం బాగా అంటుకునేందుకు వాడే ఫ్లక్స్‌ది, అంటే రోజిన్ అనే చెట్టు బంక కాలగా వచ్చినది. అయినా అది మంచిది కాదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఉబ్బసం రావచ్చు. ఫ్యాను పెట్టి పొగను ముఖానికి దూరంగా లాగేయడం తప్పనిసరి.

మరి సీసం లోపలికి ఎలా వెళుతుంది? వేళ్ల ద్వారా. తీగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కాసేపు పనిచేశాక ఆ వేళ్ల మీద సన్నటి బూడిదరంగు మరక కనబడుతుంది. వాటితోనే పక్కనున్న పలహారం తీసుకుని నోట్లో వేసుకుంటాం. రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు తీగను పళ్ల మధ్య పట్టుకునేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. సీసం విషయంలో సురక్షితమని చెప్పగల స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల మెదడుకు అది చేసే చేటు తిరిగి సరిదిద్దలేనిది. పని బల్ల మీద కప్పు, పళ్లెం ఉండకూడదు. లేచాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. శానిటైజర్ క్రిములను చంపుతుందే తప్ప సీసాన్ని తొలగించదు. పొగకు భయపడి మాస్కు కట్టుకుని, అదే చేత్తో తినేవాళ్ల భయం తప్పు కాదు, అది చూస్తున్న దిక్కు తప్పు.

గాలి సెన్సర్లలో చవకరకం కొన్ని కార్బన్ డయాక్సైడ్ అంకె చూపిస్తాయి గానీ ఆ వాయువును అసలు చూడవు. గాలిలోని ఇతర ఆవిర్లను పసిగట్టి, మనుషులున్నారు కాబట్టి ఇంత ఉండవచ్చని లెక్కగడతాయి. స్పిరిట్ సీసా మూత తీస్తే చాలు, అంకె వేలల్లోకి పోతుంది. నిజంగా కొలవాలంటే ఆ వాయువు పీల్చుకునే 4.26 మైక్రోమీటర్ల పరారుణ కాంతితో పనిచేసే సెన్సరు కావాలి.

వేలికి పెట్టి నాడినీ రక్తంలో ఆక్సిజన్ శాతాన్నీ చూసే పల్స్ ఆక్సీమీటరు వెనుక అందమైన ఆలోచన ఉంది. జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి 1974లో దానికి రూపమిచ్చాడు. వేలి గుండా ఎర్ర కాంతి, పరారుణ కాంతి పంపి, గుండె కొట్టుకున్నప్పుడల్లా మారే భాగాన్నే రెండింటిలోనూ పోల్చడం ఆ కిటుకు. అయితే ఆ నిష్పత్తిని ఆక్సిజన్ శాతంగా మార్చే పట్టిక ఆరోగ్యవంతులైన వాలంటీర్ల మీద కొలిచి తయారుచేసినది. నల్లని చర్మం ఉన్నవారిలో ఈ పరికరాలు ఆక్సిజన్ తగ్గుదలను ఎక్కువసార్లు గుర్తించలేకపోతున్నాయని 2020లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చూపింది. మనం కొనే చిన్న బోర్డుకైతే అలాంటి పట్టికే ఉండదు. ఎవరో రాసిన ఉజ్జాయింపు సూత్రాన్ని కోడ్‌లో దించుకుంటాం. వేలు కదలకుండా ఉంచితే నాడి లెక్కను నమ్మవచ్చు. ఆక్సిజన్ శాతాన్ని బట్టి మాత్రం వైద్య నిర్ణయం తీసుకోకూడదు.

మైక్రోవేవ్ భయం గురించి రెండు మాటలు చాలు. 2.45 గిగాహెర్ట్జ్ తరంగంలో ఒక్కో ఫోటాన్ (తరంగంలోని శక్తి పొట్లం) శక్తి, అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణమైన ఎలక్ట్రాన్ వోల్టులో సుమారు లక్షో వంతు. రసాయన బంధం తెగాలంటే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, కనుక ఈ తరంగం తిండిలోని అణువులను తెంచలేదు, వేడి మాత్రమే చేస్తుంది. అక్కడ అసలు ఇబ్బంది వేడి సమంగా పాకకపోవడం. మధ్యలో చల్లగా మిగిలిన చోట క్రిములు బతికిపోతాయి, అందుకే కలిపి మళ్లీ వేడిచేయాలి.

ఆహార పొట్లం మీది కేలరీలు కూడా ఇలాంటి లెక్కే. గ్రాము పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9 అంటూ అమెరికా రసాయన శాస్త్రవేత్త ఆట్‌వాటర్ పేరుతో 19వ శతాబ్దం చివరి నుంచి వస్తున్న గుణకాలతో గుణిస్తారు. 28 గ్రాముల బాదంపప్పుకు ఆ లెక్క ప్రకారం సుమారు 170 కిలోకేలరీలు. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మనుషులకు తినిపించి, శరీరం వదిలేసినదాన్ని కూడా కొలిచి చూస్తే 2012లో తేలింది 129. గట్టి కణాల గోడల మధ్య ఉన్న కొవ్వులో కొంత అరగకుండానే బయటికి పోతోంది. అదే పప్పును మెత్తగా రుబ్బి వెన్నలా చేసి పెడితే, పాత లెక్క దాదాపు సరిపోయింది.