ఫిరంగి కత్తి: అపోహలు - వాస్తవాలు

దసరా దగ్గర పడితే పాలమూరు, నల్లగొండ పల్లెల్లో అటకల మీది పాత కత్తులు ఆయుధపూజకు కిందికి దిగుతాయి. పూజకు ముందే తోముడుకు కొన్ని పాడైపోతాయి.

అపోహ: కత్తి మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయంటే తెల్లదొరల కాలం నాటిది, లేకుంటే నకిలీ. తోమేస్తే సరి.

వాస్తవం: తోమకండి, ఆ అక్షరాలే దాని ఆనవాలు. 17వ శతాబ్దంలో జర్మనీ, ఇటలీ, స్పెయిన్ బ్లేడ్లు ఓడల మీద దక్కనుకు వచ్చేవి. ఇక్కడివాళ్లు వాటికి మన పిడి బిగించి ఫిరంగి అన్నారు. రోమన్ లిపి ఉన్నంత మాత్రాన ఇంగ్లీషు కాదు. జర్మనీలోని సోలింగెన్ ఊరి బ్లేడ్ల మీద పరుగెత్తే తోడేలు ముద్ర కూడా ఉంటుంది. అయితే పేరున్న ముద్రలకు అప్పుడే నకళ్లు పుట్టాయి. ఒక్క ముద్ర చూసి కోట్లు పలుకుతుందనే వాట్సాప్ మాటలు పట్టించుకోవద్దు. ఆకారం చూడండి: నిటారైన వెడల్పు బ్లేడు, సుమారు 90 సెంటీమీటర్లు, పొడవునా గాడి, పిడి చివర రెండో చెయ్యి వేసేందుకు కాడ.

చింతపండు, ఇటుకపొడి, ఎమరీ కాగితం పడితే లోతులేని అక్షరాలు ఒక్క పూటలో పోతాయి. పిడిని మంట మీద, వేడినీళ్లలో పెడితే లోపలి లక్క కరిగి ఊడుతుంది. పొడి నూలుగుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి. ఎర్ర తుప్పుంటే నూనె పట్టించి ఒక రోజు ఆగి, వెదురు పుల్లతో గీకండి. తోలు ఒరలో దాచొద్దు, తేమ పట్టి మళ్లీ తుప్పొస్తుంది. అక్షరాలు చదవాలంటే టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీయండి.

అపోహ: ఫిరంగి అంటే తోపే.

తోపు కూడా. ఫ్రాంకులనే ఐరోపావాళ్ల పేరు అరబ్బీలో ఫరంజ్, పారసీలో ఫరంగ్ అయింది. వాళ్ల వెంట వచ్చిన తోపు, కత్తి, చివరికి రోగం కూడా ఫిరంగి పేరే మోశాయి. ఆయుర్వేదంలోని ఫిరంగ రోగం అదే, అంటే సిఫిలిస్ అనే సుఖరోగం.

అపోహ: పాత కత్తి బయటపెడితే కేసే.

భయపడి బావిలో పడేయకండి. నల్లగొండ దగ్గరి పానగల్లు మ్యూజియంలోనో పాలమూరు దగ్గరి పిల్లలమర్రి మ్యూజియంలోనో చూపించి, లైసెన్సు సంగతి పోలీస్ స్టేషన్‌లో అడగండి. నూరేళ్లు దాటితే 1972 చట్టం కింద పురావస్తువు, సొంతంగా విదేశాలకు పంపకూడదు. దున్నుతుంటే దొరికినదైతే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.