రిలీజ్‌కు ముందే తీర్పు: గేమ్ బీటాల వెనక మూడు దశాబ్దాల కథ

మల్టీప్లేయర్ ఆట ఏదైనా ఓపెన్ బీటాకు, అంటే విడుదలకు ముందు ఎవరైనా ఆడి చూసే పరీక్షకు, రాగానే గొడవ ఒకే దారిలో నడుస్తుంది. సర్వర్లు తెరుచుకున్న కాసేపటికే యూట్యూబ్‌లో తీర్పులు మొదలు. గన్ను పేలిస్తే దెబ్బ తగిలినట్టే లేదనీ, లాగిన్ క్యూ కదలడం లేదనీ ఒక వర్గం విసుక్కుంటుంది. ఇది బీటానే కదా, ఫైనల్‌లో సర్దుతారులే అని ఇంకో వర్గం వెనకేసుకొస్తుంది. రెండో వర్గం మాట ఒకప్పుడు పూర్తిగా నిజం. ఇప్పుడు సగమే నిజం.

1996 ఫిబ్రవరి 24న ఐడీ సాఫ్ట్‌వేర్ 'క్యూటెస్ట్' విడుదల చేసింది. అది అప్పటికి ఇంకా తయారవుతున్న 'క్వేక్'కు పరీక్షా రూపం. రాక్షసులు లేరు, కథ లేదు. మూడు మ్యాపుల్లో మనుషులు ఒకరినొకరు కాల్చుకోవడమే. రకరకాల పీసీల మీద, నెట్‌వర్క్‌ల మీద ఆట నడుస్తుందా లేదా అన్నదే వాళ్లకు కావాల్సింది. అసలు ఆట జూన్ 22న వచ్చింది. డయలప్ మీద ఆడేవాళ్లకు ఆట ఆలస్యంగా స్పందించే లాగ్ బాధ మాత్రం అప్పటికీ తీరలేదు. ఆ డిసెంబర్‌లో ఇంటర్నెట్ ఆటకు తగ్గట్టు మార్చిన 'క్వేక్‌వరల్డ్' వచ్చాకే కొంత ఊపిరి పీల్చుకున్నారు. పరీక్ష పెట్టినంత మాత్రాన అన్నీ బాగుపడవని అప్పుడే తేలిపోయింది.

మరుసటి ఏడాది 'అల్టిమా ఆన్‌లైన్' బీటాకు జనం కొద్దిపాటి డబ్బు కట్టి మరీ సీడీలు తెప్పించుకున్నారు. 1997 ఆగస్టులో సర్వర్ ఎంత బరువు మోస్తుందో చూసే పరీక్ష నడుస్తుండగా, ఆట సృష్టికర్త రిచర్డ్ గారియట్ తన రాజు పాత్ర లార్డ్ బ్రిటిష్‌గా ప్రజల ముందుకొచ్చాడు. మధ్యలో సర్వర్ పడిపోయింది. తిరిగి లాగిన్ అయినప్పుడు తనకు చావు లేకుండా చేసే సెట్టింగ్ పెట్టుకోవడం మరిచాడు. ఒక ఆటగాడు దొంగిలించిన మంత్రపత్రంతో మంట రాజేసి రాజునే చంపేశాడు! అతన్ని బీటా నుంచి వెళ్లగొట్టారు గానీ, తయారీదార్లు ఊహించని పనులు జనం చేస్తారని బయటపెట్టడం కంటే బీటా చేయాల్సిన పని ఇంకేముంటుంది?

'కౌంటర్ స్ట్రైక్' ఇంకో రకం. 1999 జూన్‌లో మొదటి బీటా వచ్చింది. 2000 నవంబర్‌లో 1.0 వచ్చేదాకా జనం ఆడింది వరుస బీటాలనే. వాళ్లు ఆడుతుంటే మ్యాపులు, తుపాకులు మారుతూ వచ్చాయి.

మలుపు 2007లో వచ్చింది. ఆ ఫిబ్రవరిలో స్కాట్లండ్ స్టూడియో రియల్‌టైమ్ వరల్డ్స్ చేసిన 'క్రాక్‌డౌన్' ఎక్స్‌బాక్స్ 360కి విడుదలైంది. పేరున్న సిరీస్ కాదు. కానీ దాని డిస్కు కొన్నవాళ్లకు 'హేలో 3' మల్టీప్లేయర్ బీటాలోకి ప్రవేశం దొరుకుతుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. దాంతో దాన్ని బీటా టికెట్‌గా కొన్నవాళ్లు చాలామంది. మే 16న బీటా తెరిచిన రోజున ఆ టికెట్టే కాసేపు పనిచేయక గగ్గోలు రేగింది. దాంతో గడువును జూన్ 10 దాకా పొడిగించారు. మొత్తం 8 లక్షల మందికి పైగా ఆడారు. ఆట సెప్టెంబర్ 25న వచ్చింది కాబట్టి, తప్పులు దిద్దుకోవడానికి దాన్ని తయారుచేసిన బంగీ స్టూడియోకు నెలల సమయం మిగిలింది. అంటే ఇది నిజమైన పరీక్షే, అమ్మకం కూడా. తర్వాత వచ్చిన కంపెనీలు ఈ రెంటిలో రెండోదాన్నే ఎక్కువగా నేర్చుకున్నాయి.

'బ్యాటిల్‌ఫీల్డ్ 3' చూడండి. ఓపెన్ బీటా 2011 అక్టోబర్ 10న ముగిసింది, ఆట అక్టోబర్ 25న విడుదలైంది. మధ్యలో పదిహేను రోజులే. మనిషి నేలలోకి కూరుకుపోయే బగ్‌లు చూసి జనం నవ్వుకున్నారు. కన్సోల్ ఆటకు సోనీ, మైక్రోసాఫ్ట్ అనుమతులు కావాలి, డిస్కులు అచ్చవ్వాలి. ఆపాటికి అవన్నీ దాదాపు అయిపోయి ఉంటాయి. విస్తళ్లు వేశాక రుచి చూడమన్నట్టు: ఉప్పు చల్లొచ్చు గానీ కూర మార్చలేం. సర్వర్ సామర్థ్యం, తుపాకీ దెబ్బల లెక్క, ప్యాచ్‌తో పోయే బగ్‌లు మారతాయి. ఆట పునాది మారదు.

మారాలంటే తేదీ జరగాలి. అలా జరిగిన సందర్భం ఒకటుంది. 2014 జూన్‌లో 'బ్యాటిల్‌ఫీల్డ్ హార్డ్‌లైన్' బీటాను ఆట ప్రకటనతో పాటే తెరిచారు. విమర్శలు విన్న ప్రచురణ సంస్థ ఈఏ, ఆ అక్టోబర్‌లో రావాల్సిన ఆటను 2015 మార్చికి వాయిదా వేసింది. పెద్ద ఆటల్లో ఇంత ధైర్యం అరుదు.

2020 ఏప్రిల్‌లో రైయట్ కంపెనీ 'వాలరెంట్' క్లోజ్డ్ బీటా (ఎంపికైనవాళ్లకే ప్రవేశం) ప్రచారాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. ట్విచ్ అనే లైవ్ వీడియో సైట్‌లో ఇతరులు ఆడుతుంటే చూస్తూ కూర్చుంటే అదృష్టవశాత్తు ప్రవేశం దొరికేది. మొదటిరోజే ఒక దశలో 17 లక్షల మంది ఏకకాలంలో చూశారు. బీటా తెరిచిన ప్రాంతాల్లో భారత్ లేదు కాబట్టి మన కుర్రాళ్లకు చూడటమే మిగిలింది. అయితే ఒక మేలు జరిగింది. కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే వాన్‌గార్డ్ యాంటీ చీట్ (మోసగాళ్లను పట్టే సాఫ్ట్‌వేర్) మీద గొడవ రేగితే, దాన్ని ఆపుకునే వీలు రైయట్ కల్పించింది.

2021 అక్టోబర్‌లో 'బ్యాటిల్‌ఫీల్డ్ 2042' బీటా నిరాశపరిస్తే, మీరు ఆడింది కొన్ని నెలల పాత బిల్డ్, అంటే ఆట పాత రూపం, అని తయారీదార్లు చెప్పారు. నవంబర్‌లో ఆట వచ్చింది. స్కోర్‌బోర్డ్ లేదు, అది మరుసటి ఏడాది మార్చిలో గానీ రాలేదు. స్పెషలిస్ట్‌లు (ప్రత్యేక శక్తులున్న పాత్రలు) వద్దు, సైనికులను పనిని బట్టి విడదీసే పాత క్లాసులు కావాలన్న కోరిక 2023లో తీరింది. పాత బిల్డ్ అన్న మాటను ఆటగాళ్లు నమ్మడం మానేసింది ఇక్కడే అని నాకనిపిస్తుంది.

తర్వాతి ఆట 'బ్యాటిల్‌ఫీల్డ్ 6'కు ఈఏ పరీక్ష, ప్రచారం అనే రెండు పనులనూ విడదీసింది. 2025 ఫిబ్రవరిలో 'బ్యాటిల్‌ఫీల్డ్ ల్యాబ్స్' ప్రకటించి, బయట ఏమీ చెప్పబోమని సంతకం పెట్టినవాళ్లతో అసలు పరీక్షలు చేయించింది. ఆగస్టులో రెండు విడతల ఓపెన్ బీటా మాత్రం పండగలా జరిగింది. పీసీ ఆటలు అమ్మే స్టీమ్ ఒక్కదానిలోనే ఏకకాలంలో 5 లక్షల 20 వేల మందికి పైగా ఆడారు. బీటా అయ్యాక జారి ఎగిరేటప్పటి వేగం తగ్గించారు, షాట్‌గన్ దెబ్బ తగ్గించారు. మ్యాపులు మరీ చిన్నవన్న ఫిర్యాదుకు మాత్రం, పెద్దవి వేరే ఉన్నాయి, వాటిని ల్యాబ్స్‌లో పరీక్షిస్తున్నాం అన్నారు. అక్టోబర్ 10న విడుదలైన ఆట మూడు రోజుల్లో 70 లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది. మ్యాపులు ఇరుకన్న ఫిర్యాదు ఆ తర్వాతా ఆగలేదు.