టీఎంసీ అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

వానాకాలం మొదలైందంటే శ్రీశైలం నీటిమట్టం ఇన్ని అడుగులు, నిల్వ ఇన్ని టీఎంసీలు అని రోజూ వార్తల్లో వింటుంటాం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. ఇందులో కొలిచినవి అడుగులే. టీఎంసీలను ఎవరూ కొలవరు. డ్యాం దగ్గర గేజీ మీద మట్టం చూసి, ఆ మట్టానికి ఎంత నీరుంటుందో ముందే తయారుచేసి పెట్టుకున్న పట్టికలోంచి తీసి రాస్తారు.

చిక్కంతా ఆ పట్టికతోనే. కృష్ణ ఏటా మట్టిని మోసుకొచ్చి జలాశయంలో దించేస్తుంది. శ్రీశైలం పూర్తిమట్టం అప్పుడూ 885 అడుగులే, ఇప్పుడూ 885 అడుగులే. మొదట్లో ఆ మట్టానికి 308 టీఎంసీలని లెక్క, ఇప్పుడు 215.8. నాగార్జునసాగర్‌లో 408 కాస్తా 312 అయింది. పాత పట్టికే పట్టుకు కూర్చుంటే లేని నీళ్లను పంచుకున్నట్టే.

కొత్త పట్టిక కోసం జీపీఎస్, ధ్వనిని కిందికి పంపి లోతు కొలిచే ఎకో సౌండర్ బిగించిన పడవను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వరసలు వరసలుగా నడుపుతారు. ధ్వని నీళ్లలో సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. జలాశయం అడుగుభాగాన్ని తాకి 0.04 సెకన్లలో తిరిగొస్తే అక్కడ లోతు 30 మీటర్లు. మెత్తటి బురద ఉన్నచోట మాత్రం తికమకే: తిరిగొచ్చింది బురద పైపొర నుంచా, కింది గట్టినేల నుంచా అన్నది యంత్రం వాడే ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది.

ఇన్‌ఫ్లో, అంటే జలాశయంలోకి వచ్చే నీటి లెక్క కూడా చాలాసార్లు ఈ పట్టిక చలవే. కిందికి వదిలిన నీటికి, పెరిగిన నిల్వను కలిపి రాబడతారు. శ్రీశైలం నిండుగా ఉన్నప్పుడు ఒక్క అడుగంటే అయిదు టీఎంసీలకు పైమాటే. గాలికి నీళ్లు ఎగసి గేజీ ఒక్క అంగుళం ఎక్కువ చూపినా, గంట లెక్కలో లక్ష క్యూసెక్కులకు (సెకనుకు లక్ష ఘనపుటడుగులకు) పైగా తేడా వచ్చేస్తుంది. గంటగంటకీ గెంతే అంకెలు చూసి టెన్షన్ పడేకంటే నాలుగైదు గంటల సగటు చూడటం మేలు. అయితే 2009 అక్టోబరులో దాదాపు 25 లక్షల క్యూసెక్కులు మీద పడ్డప్పుడు సగటు కోసం ఆగే వ్యవధి ఎక్కడిది? అలాంటప్పుడు ఎగువన కృష్ణ మీదున్న జూరాల నుంచి, తుంగభద్ర మీది గేజీల నుంచి ముందే కబురు అందాలి.

తుంగభద్ర డ్యాం లెక్క ఇంకో తమాషా. కట్టినప్పుడు దాదాపు 133 టీఎంసీలు. 2008 సర్వేలో 100.855, 2016 సర్వేలో 105.788. ఎనిమిదేళ్లలో పూడిక దానంతటదే కరగదు కదా, కొలిచే తీరులోనే తేడా ఉండాలి. ఆ అయిదు టీఎంసీలు కాగితం మీదివే అయినా కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాటాలు తేల్చేటప్పుడు ముందు పెట్టుకునేది ఆ కాగితమే.